కోతికొమ్మచ్చి: దూకే ముందు దిగడం

మా ఊరు విస్సన్నపేట చుట్టూ ఎటు వెళ్ళినా మామిడి తోటలే. బంగినపల్లి, కలెక్టరు, రసాలు. ఆ తోటల్లో కాపలావాళ్ళ కన్నుగప్పి, ఊళ్ళో చింతచెట్ల కింద ఎవరికీ భయపడకుండా మేం ఆడుకున్న ఆట కోతికొమ్మచ్చి. మొన్న మా అన్నయ్య కొడుకు ఫోన్లో గోడలూ మేడలూ దూకే పార్కూర్ వీడియో చూపించి, "బాబాయ్, మన మేడ మీంచి పక్క మేడ మీదికి ఇలాగే దూకొచ్చు కదా?" అన్నాడు. మధ్యలో సందు ఐదడుగులు, కింద సిమెంటు రోడ్డు. కసిరేస్తే నేను లేనప్పుడు దూకుతాడు. అందుకే కోతలయ్యాక, వాన లేని రోజు చూసి, వాణ్ణి తోటకు తీసుకెళ్ళాను.

ఆట తెలియని పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి చెప్పాలి. చెట్టు కింద గిరి గీస్తారు. ఒకడు కాలెత్తి తొడ కింద నుంచి కర్రను దూరంగా విసురుతాడు. దొంగ, అంటే పట్టుకోవాల్సినవాడు, పరుగెత్తి దాన్ని తెచ్చి గిరిలో పెట్టేలోగా మిగతావాళ్ళు చెట్టెక్కేయాలి. తర్వాత వాడు ఎవరినో ఒకర్ని ముట్టుకోవాలి. పైవాళ్ళు కొమ్మ పట్టుకుని ఊగి, దూకి, వాడికి అందకుండా కర్రను తాకాలి. కన్నడ పిల్లలు దీన్నే మరకోతి అంటారు. ముళ్ళపూడి వెంకటరమణ తన ఆత్మకథకు ఈ ఆట పేరే పెట్టుకున్నారు.

ఈ ఆటలో చెట్టే గురువు. చింతకొమ్మ వంగుతుంది కానీ ఓ పట్టాన విరగదు. నేరేడు పెళుసు. మునగ సంగతి మన నానుడే చెబుతుంది, పొగిడి మునగచెట్టు ఎక్కించారంటే కింద పడేయడానికేనని. కాలు కొమ్మ మొదట్లోనే వేయాలి, చివర కాదు. ఎక్కేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు చెట్టును పట్టుకునే ఉండాలి. నాలుగోది మాత్రమే కదలాలి. ఎండుకొమ్మను ముందు గుంజి చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం దిగడం. ఆరడుగుల ఎత్తు నుంచి దూకినవాడు నేలను తాకేసరికి గంటకు 20 కిలోమీటర్లు దాటిన వేగంలో ఉంటాడు. కాళ్ళు బిగబట్టి దిగితే ఆ వేగమంతా రెండంగుళాల్లో ఆగాలి, దెబ్బ మడమలకీ మోకాళ్ళకీ నడుముకీ తగులుతుంది. మునివేళ్ళ మీద వాలి, మోకాళ్ళు మడిచి, అడుగున్నర మేర ఒళ్ళు కిందికి దించితే అదే దెబ్బ తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ముందుకు తూలితే చెయ్యి చాచకూడదు. ఒక భుజం మీంచి రెండో వైపు నడుము దాకా ఏటవాలుగా దొర్లాలి. పార్కూర్ బడుల్లో మొదటి పాఠం ఇదే.

పార్కూర్ పుట్టింది కూడా మేడల మీద కాదు. 1902లో మార్టినిక్ దీవిలో పెలే అగ్నిపర్వతం పేలినప్పుడు ప్రజలను కాపాడే పనిలో ఉన్న ఫ్రెంచి నౌకాదళ అధికారి జార్జ్ ఎబెర్, బలమన్నది పదిమందికి పనికిరావాలని పరుగెత్తడం, ఎక్కడం, దూకడం కలిపి ఒక వ్యాయామ పద్ధతి తయారుచేశాడు. అది సైన్యంలోకి వెళ్ళింది. అక్కడ నేర్చి పారిస్ అగ్నిమాపక దళంలో పనిచేసిన రేమండ్ బెల్ కొడుకు డేవిడ్, తన స్నేహితులతో కలిసి లీస్ అనే ఊళ్ళో దాన్ని పార్కూర్‌గా మలిచాడు. 2017లో బ్రిటన్ దాన్ని క్రీడగా గుర్తించింది. వీడియోలో మనకు కనిపించేది ఒక్క దూకు. దాని వెనక నేల మీద వందలసార్లు చేసిన సాధన కనిపించదు.

అలాంటి సాధన లేని నేను పదేళ్ళప్పుడు ఎండుకొమ్మ మీద కాలేసి పడ్డాను. చెయ్యి చాచాను, మోచేతి దగ్గర ఎముక విరిగింది. రెండు నెలలు పలక పట్టలేదు. పిల్లల ఎముకల చివర్లలో పెరిగే పొర ఉంటుంది. అది దెబ్బతింటే చెయ్యి వంకరగా పెరగవచ్చు. మోచెయ్యి విరిగి వేళ్ళు చల్లబడినా, నీలం తిరిగినా, కట్టు కోసం వెతక్కుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. తలకు దెబ్బ తగిలాక వాంతి అయినా, మగతగా ఉన్నా అంతే. మెడ, వెన్ను నొప్పి అంటే పడినవాణ్ణి లేపి కూర్చోబెట్టకూడదు. కరెంటు తీగల పక్క చెట్టు, నేలబావి మీదికి వాలిన కొమ్మ, పిట్టగోడ ఎవరికీ ఆటస్థలాలు కావు. ఈ మాట దగ్గర నాకు రాజీ లేదు.

అన్నయ్య కొడుకును తీసుకెళ్ళిన తోటలో అంటుచెట్టు కొమ్మ మూడడుగుల ఎత్తులో ఉంది. వాడు మొదట దూకినప్పుడు ఎండుటాకులు ధబ్బుమన్నాయి. "చప్పుడు రాకుండా దిగు" అన్నాను. ఇరవయ్యోసారికి ఆకులు కొద్దిగా గలగలమన్నాయంతే.

సాయంత్రం ఇంటికొచ్చాక వాడు మేడెక్కలేదు. పెరట్లో ఐదడుగుల ఎడంగా సుద్దతో రెండు గీతలు గీశాడు. పదిసార్లు దూకితే మూడుసార్లు మడమ గీతకు ఇవతలే పడింది. ఆ మూడింటినీ వాడే లెక్కపెట్టాడు.