అయిదు సెంటీమీటర్ల గీత

సంక్రాంతి పోటీలకు ముందురోజు ఊరి హైస్కూలు మైదానంలో వాలీబాల్ కోర్టు గీస్తుంటే కాసేపు నిలబడి చూడండి. చేయి తిరిగినవాడు టేపు అందుకోగానే 18 మీటర్ల పొడవు కొలవడు. ముందు ఒక మూల కుదురుస్తాడు. ఎండ్ లైన్ వెంట 9 మీటర్లు, సైడ్ లైన్ వెంట 12 మీటర్లు కొలిచి మేకులు దిగ్గొట్టి, ఆ రెండు మేకుల మధ్య ఏటవాలుగా టేపు లాగుతాడు. సరిగ్గా 15 మీటర్లు వస్తే మూల కుదిరినట్టే. తాపీ మేస్త్రులు గోడ మూలకు చూసుకునే 3-4-5 లెక్కే ఇది, మూడింతలైంది. కోర్టు వెడల్పు 9 మీటర్లు కావడం వల్ల ఆ లెక్క ఇక్కడ చక్కగా ఒదిగిపోతుంది. నాలుగు మూలలూ అయ్యాక రెండు కర్ణాలూ కొలుస్తాడు. రెండూ 20 మీటర్ల 12 సెంటీమీటర్లు ఉండాలి.

తర్వాత పురికొస బిగించి సున్నం పోస్తాడు. పనితనం బయటపడేది ఇక్కడే. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. అది కోర్టులో భాగం, కాబట్టి కొస గీతకు బయటి అంచు కావాలి, సున్నం లోపలివైపే పడాలి. కొసకు అటూ ఇటూ సమానంగా పోస్తే ప్రతి వైపూ కోర్టు రెండున్నర సెంటీమీటర్లు పెరిగిపోతుంది. గీత అంచును రాసుకుంటూ పడ్డ బంతి కూడా లోపలిదే అయిన ఆటలో అది చిన్న తేడా కాదు.

మధ్యగీత కథ వేరు. కోర్టును రెండు 9 మీటర్ల చదరాలుగా విడదీసే ఈ గీత రెండు జట్లదీ. నెట్ దగ్గర దిగిన ఆటగాడి పాదం గీత దాటినా, అందులో కొంతభాగం గీత మీదో దానికి సరిగ్గా పైనో ఉంటే తప్పు లేదు. ఎదుటివాడికి అడ్డుపడకపోతే చాలు. ఎగిరి స్మాష్ కొట్టినవాడు దిగేటప్పుడు పాదాన్ని అంగుళాల లెక్కన అదుపు చేసుకోలేడని ఈ నిబంధన రాసినవాళ్ళకు బాగా తెలుసు.

నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది అటాక్ లైన్. మధ్యగీత నడిమి నుంచి ఈ గీత వెనక అంచుకు 3 మీటర్లు. అంటే గీత మొత్తం ముందు ప్రాంతానికే చెందుతుంది. వెనక వరసవాడు నెట్ కన్నా ఎత్తున ఉన్న బంతిని కొట్టాలంటే ఈ గీతను తొక్కకుండా వెనక నుంచే ఎగరాలి. ఎగిరాక ముందు ఎక్కడ దిగినా ఫరవాలేదు. ఆ ఒక్క గీత వల్లే నెట్‌కు దూరం నుంచి గాలిలో తేలివచ్చి కొట్టే దెబ్బ పుట్టింది. మరి కోర్టు పక్కకు వెళ్ళి ఎగిరితే? దానికీ దారి మూశారు. ముందు ప్రాంతం సైడ్ లైన్ దాటి, బయటి ఖాళీ స్థలం చివరిదాకా ఉన్నట్టే లెక్క. అది కంటికి కనబడాలని పెద్ద పోటీల్లో అటాక్ లైన్‌ను బయటికి చిన్న ముక్కలుగా పొడిగిస్తారు. 15 సెంటీమీటర్ల ముక్కలు అయిదు, మధ్య 20 సెంటీమీటర్ల ఎడం, మొత్తం 1.75 మీటర్లు.

నెట్ ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, మహిళలకు 2.24. కొలిచేది కోర్టు నడిమిన. సైడ్ లైన్ల మీద రెండు కొసలూ ఒకే ఎత్తున ఉండాలి, నిర్ణీత ఎత్తుకు 2 సెంటీమీటర్లకు మించి పెరగకూడదు. ఎంత బిగించినా నెట్ నడుమ కాస్త జారుతుంది మరి. స్తంభాలు సైడ్ లైన్‌కు అర మీటరు నుంచి మీటరు దూరంలో నిలుస్తాయి, వాటిని తీగలతో నేలకు కట్టకూడదు. బంతి వెంట పరుగెత్తే కాలికి అవి తగలకూడదని. సైడ్ లైన్లకు సరిగ్గా పైన లేచే ఎరుపు తెలుపు యాంటెన్నాలు నెట్ మీద 80 సెంటీమీటర్లు పొడుచుకు వచ్చి, నేల మీది గీతను గాలిలోకి కొనసాగిస్తాయి.

గీతల బయట కనీసం 3 మీటర్ల ఖాళీ చుట్టూ వదలాలి. చోటు చాలనప్పుడు చాలామంది మొదట కోసేది దీన్నే. అది పెద్ద పొరపాటు. వాలీబాల్‌లో బయటికి దూసుకుపోయిన బంతి నేలను తాకేదాకా ఆటలో ఉన్నట్టే. దాన్ని వెనక్కి లేపడానికి పరుగెత్తే చోటు కూడా కోర్టు పనితనంలో భాగమే.