బాకీదారు ఎవరు?

ఆమధ్య మా జిల్లా కథా కార్యశాలకు వచ్చిన రాతప్రతుల్లో మూడు ఫ్యాక్టరీ కథలున్నాయి. మూడింటిలోనూ కార్మికుడు ఓవర్‌టైం డబ్బుల కోసం మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. మేనేజరు కసురుతాడు. ఇంట్లో బిడ్డకు జ్వరం. ఆఖరి వాక్యంలో తూర్పు ఎర్రబడుతుంది. ఈ రచయితల సానుభూతిని నేను శంకించను. కాని ఆ కార్మికుడు అదనంగా ఎన్ని గంటలు పనిచేశాడు, గంటకెంత రావాలి, ఆ లెక్క ఎవరి పుస్తకంలో ఉంది? ఒక్క కథా చెప్పలేదు. అడిగితే, "లెక్కలు పెడితే శిల్పం దెబ్బతింటుంది మాస్టారూ" అన్నాడొక యువ రచయిత.

మన కథకు లెక్కలు కొత్తా? కాళీపట్నం రామారావు 'యజ్ఞం' (1964) ఒక బాకీ పంచాయితీ చుట్టూనే నడుస్తుంది. అప్పల్రాముడి అప్పు గురించి విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ లెక్క తీసేస్తే అక్కడ కథే లేదు, ఇక శిల్పమెక్కడిది?

అయితే ఆ సంప్రదాయం మనకొక అలవాటు కూడా చేసింది. మన కథల్లో బాకీదారు దాదాపు ఎప్పుడూ పేదవాడే. షావుకారు పద్దు, కామందు దగ్గరి నోటు, పాలేరు తీర్చలేని అప్పు మనకు కొట్టినపిండి. ఓవర్‌టైం దగ్గర ఈ సంబంధం తలకిందులవుతుంది. ఇక్కడ శ్రమను ముందుగా అప్పిచ్చినవాడు కార్మికుడు, బాకీపడ్డవాడు యజమాని. మస్టరు మాత్రం బాకీదారు చేతిలోనే ఉంటుంది. ఇంత నాటకీయమైన వైరుధ్యం కళ్ళముందుంటే, దాన్ని వదిలి జ్వరం దగ్గరికి పరుగెత్తడం దేనికి?

ఈ తప్పు నేనూ చేశాను. 2019లో నా పాత విద్యార్థి ఒకడు, లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు, అర్జీ రాసిపెట్టమని వచ్చాడు. వారానికి 60 గంటల చొప్పున 16 వారాలు చేశాడు. పైగంటలకు పైసా ఇవ్వలేదు. నేను ఎమ్మే తెలుగు పాండిత్యమంతా వెచ్చించి 'దయతో ఇప్పించ ప్రార్థన' అని రాశాను. యూనియన్ కార్యకర్త చదివి, 'ప్రార్థన' కొట్టేసి 'మీరు చెల్లించవలసిన బాకీ' అని దిద్దాడు. నా వాక్యాన్ని అంత సరిగా దిద్దిన విమర్శకుడు మరొకడు లేడు.

1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం రోజుకు 9 గంటలు గాని వారానికి 48 గంటలు గాని దాటితే రెట్టింపు రేటు ఇవ్వాలి. కుర్రవాడి జీతం 15,600. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన గంటకు 75, రెట్టింపు చేస్తే 150. వారానికి 12 గంటల చొప్పున మొత్తం 192 గంటలకు 28,800 రూపాయలు. వాడు జేబు పుస్తకంలో తేదీల వారీగా ఎక్కిన వేళా దిగిన వేళా రాసుకున్నాడు. అందులో ఒక్క విశేషణం లేదు.

2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానం మారింది కాని, రెట్టింపు అన్నమాట నిలిచింది. అది ఊరికే నిలవలేదు. 2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం కరోనా సాకుతో 12 గంటల పనిదినాన్ని అనుమతించి, పైగంటలకు మామూలు రేటే చాలన్నది. అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేస్తూ, బలవంతపు చాకిరీని నిషేధించే రాజ్యాంగం 23వ అధికరణాన్ని కూడా ఎత్తి చూపింది. దానికి మన తెలుగుమాట వెట్టి. తెలంగాణ పోరాట సాహిత్యం చదువుకున్న మనం దొర గడిలో గుర్తుపట్టినదాన్ని కంపెనీ షెడ్డులో గుర్తుపట్టలేకపోతున్నాం. అక్కడ పేస్లిప్ ఇస్తారు గనక కాబోలు.

మా కుర్రవాడి సంగతి చెప్పాలి. నోటీసు వెళ్ళిన పదిహేను రోజులకు పిలిచి 14,000 చేతిలో పెట్టి, 'పూర్తి బాకీ ముట్టినది' అన్న కాగితం మీద సంతకం చేయమన్నారు. వచ్చే వారం చెల్లెలి పెళ్ళి. సంతకం చేశాడు. మన కథకుడైతే ఆ పెళ్ళిని కన్నీళ్ళతో వర్ణించేవాడు. నాకు ఆ కాగితం కావాలి. దాన్ని ఎవరు టైపు చేశారు, వాడు చదివాడా, కలం ఎవరిచ్చారు, 14,800 ఏమయిందని ఆ గదిలో ఒక్కరైనా అడిగారా?

వచ్చే కార్యశాలకు వాణ్ణి పిలిచాను. జేబు పుస్తకం తెస్తానన్నాడు.