పాత ల్యాప్‌టాపులు, తేలిక వ్యవస్థలు: ఒక విమర్శ

"పారవేసిన ల్యాప్‌టాపులో లినక్స్ వేసినచో అది క్రొత్తదానివలె పరుగెత్తును" అను మాట నేడు తరచుగా వినబడుచున్నది. ఇందులో నిజమున్నది, అతిశయోక్తియు నున్నది. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ పోషణ నిలిపివేసిన పిమ్మట ఈ మాటకు బలము హెచ్చినది. దాని తరువాతిదైన విండోస్ 11 నడచుటకు టీపీఎం 2.0 అను భద్రతా భాగము ఉండవలెను. ఇంటెల్ వారి ప్రాసెసరైనచో చాలవరకు ఎనిమిదవ తరమునకు తగ్గరాదు. ఈ నిబంధనల వలన 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలో చేరవచ్చునని కెనాలిస్ అను పరిశీలక సంస్థ 2023 డిసెంబరులో అంచనా వేసినది. అంతకుముందే, 2022లో, ప్రపంచమున పుట్టిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమముగా సేకరింపబడి, లెక్కలకెక్కి, మరల పదార్థముగా వాడుకకు వచ్చినది 22.3 శాతమే యని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలుపుచున్నది.

కార్యాలయములు వదలుకొన్న యంత్రములను బాగుచేసి పాఠశాలలకును, పేద విద్యార్థులకును ఇచ్చుట మంచిపనియే. అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమున ఫ్రీ గీక్ అను సంస్థ 2000 సంవత్సరము నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో ఈ పనిని చేసి చూపినది. కాని దానముగా పుచ్చుకొన్న యంత్రము ఆరు నెలలలో బీరువాపైకి ఎక్కినచో చెత్త చోటు మారినదే కాని తగ్గలేదు. పైగా దానిని వదలించుకొను భారము ఇచ్చినవానినుండి పుచ్చుకొన్నవానికి సంక్రమించినది. కావున ఈ తేలిక వ్యవస్థలను పొగడుటకు ముందు, ఒక గ్రంథమును విమర్శించునట్లే, అవి దేనిని సాధింపదలచినవి, దానికై దేనిని విడిచిపెట్టినవి, విడిచినదాని లోటు ఎవరికి తగులుచున్నది అని పరిశీలింపవలసియున్నది.

యంత్రము పాతబడినకొలది నెమ్మదించునని జనులు తలచుచుందురు. ప్రాసెసరునకు ముసలితనము లేదు. 2009లో సెకనుకు ఎన్ని లెక్కలు చేసినదో, లోపలి దుమ్ము తుడిచి వేడిమి పోవు త్రోవను బాగుచేసినచో నేడును అన్నియే చేయును. మారినది దానిపై మోపిన బరువు. ఆ బరువు మొదట తెలియునది హార్డు డిస్కునందు. ల్యాప్‌టాపులలోని సాధారణపు డిస్కు నిమిషమునకు 5,400 చుట్లు తిరుగును. అనగా ఒక చుట్టునకు 11 మిల్లీసెకనులు. కావలసిన భాగము చదువు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా అయిదున్నర మిల్లీసెకనులు వేచియుండవలెను. ముల్లు ఒక వరుసనుండి మరియొక వరుసకు జరుగుటకు ఇంకొక పది పండ్రెండు పట్టును. ఈ లెక్కన అక్కడక్కడ చెదరియున్న చిన్న భాగములను సెకనుకు అరువదికి మించి అందీయలేదు. సాలిడ్ స్టేట్ డ్రైవులో తిరుగు చక్రమే లేదు గనుక అదే పని మిల్లీసెకనులో పదవవంతున జరిగిపోవును.

బాగుచేయువారు సాధారణముగా ఒకే దినమున రెండు పనులు చేయుదురు: పాత డిస్కును తీసి సాలిడ్ స్టేట్ డ్రైవు పెట్టుదురు, విండోస్ తీసి లినక్స్ వేయుదురు. పిదప యంత్రము చురుకుగా లేచినచో ఘనత యంతయు లినక్స్‌కు కట్టుదురు. రెండు మార్పులు కలిపి చేసి ఫలితమును ఒకదానికే ఆరోపించుట ఏ ప్రయోగశాలలోను చెల్లదు. తేలిక వ్యవస్థలను మెచ్చు వ్రాతలలో పెక్కింటికి ఈ దోషము అంటియున్నది.

మెమొరీ విషయమున మాత్రము వాటికి న్యాయముగా రావలసిన కీర్తి రావలెను. విండోస్ 10 ఏ పనియు చేయక ఊరకున్నప్పుడే ఒకటిన్నర గిగాబైట్లకు పైగా ఆక్రమించుకొనును. చిన్న కిటికీ నిర్వాహకముతో నడచు లినక్స్ రెండు మూడువందల మెగాబైట్లతో సరిపెట్టుకొనును. రెండు గిగాబైట్ల మెమొరీ గల యంత్రమున ఈ తేడాయే సర్వస్వము. ఇంకను చాలనిచో జెడ్‌ర్యామ్ అను ఉపాయము కలదు. ఇది 2014 నుండి లినక్స్ మూలమునందే భాగమై యున్నది. అప్పటికి అవసరములేని మెమొరీ భాగములను డిస్కునకు పంపక, పరుపును చుట్టచుట్టి మూల నిలిపినట్లు, నొక్కి చిన్నవిగా చేసి మెమొరీలోనే ఒక ప్రక్క ఉంచును. విప్పుటకు ప్రాసెసరు కొంత శ్రమపడును. కాని డిస్కు చుట్టు తిరిగివచ్చుటతో పోల్చినచో ఆ శ్రమ స్వల్పము.

ఇక వ్యవస్థల మాట. ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ 2003లో పప్పీ లినక్స్‌ను వెలువరించెను. దాని కల్పన చక్కనిది. వ్యవస్థ యంతయు నొక్కిన ఒకే మూటగా ఉండును. యంత్రము లేచునప్పుడు ఆ మూట మెమొరీలోనికి వచ్చును. వాడుకరి చేసిన మార్పులు వేరొక పొరలో నిలుచును. అసలు మూట చెక్కుచెదరదు. హార్డు డిస్కు చెడిపోయిన ల్యాప్‌టాపును కూడ ఒక యూఎస్‌బీ పుల్లతో నడిపింపవచ్చును. పాడైన యంత్రమునుండి ఫోటోలను, పత్రములను వెలికి తీయుటకు దీనికి మించిన సాధనము అరుదు. కాని పప్పీ వాడుకరిని సర్వాధికారిగా, అనగా రూటుగా, నడిపించును. ఒక్కడే వాడుకొను యంత్రమున, మూట మార్పులేనిది గనుక, ఇది అంత హానికాదని దాని పక్షమువారి వాదము. నలుబదిమంది పిల్లలు వంతులు వేసికొని వాడు యంత్రమున ఆ వాదము నిలువదు.

యాంటీఎక్స్ గ్రీసు దేశమున పుట్టినది; డెబియన్ పునాదిపై కట్టినది. పప్పీయంత చమత్కారము ఇందులో లేదు. కాని డెబియన్ భాండారములోని వేలకొలది సాఫ్ట్‌వేరులు దీనికి అందుబాటులో నుండును. భద్రతా సవరణలు క్రమముగా వచ్చును. కనబడు తీరు మోటుగా నుండుట నిజమే. మొదటిసారి చూచిన ఉపాధ్యాయుడు ఎక్కడ నొక్కవలెనో తెలియక తడుముకొనును. అయినను పని గడుచుటయే ప్రధానమని యెంచినచో తేలిక వ్యవస్థలలో దీనికి పైచేయి ఈయవలసియుండును.

లుబుంటు చరిత్ర వేరు. పాత యంత్రములకు తగినదని పేరుపొంది 2011లో ఉబుంటు కుటుంబమున అధికారికముగా చేరినది. 2018లో ఎల్ఎక్స్‌క్యూటీ అను క్రొత్త ముఖమును ధరించినప్పుడు, పాత యంత్రములే ఇకపై తమ ముఖ్యలక్ష్యము కాదని దాని నిర్మాతలు ప్రకటించిరి. ఆ నిజాయితీ మెచ్చదగినది. విచారకరమేమనగా, ఈనాటికిని ఆ పాతపేరు చూచి ఒక గిగాబైటు యంత్రములలో దానిని దించి నిరాశపడువారు కలరు.

అన్నిటికంటె బోధకరమైనది డామ్ స్మాల్ లినక్స్ కథ. ఈ శతాబ్దపు తొలి దశకమున ఇది 50 మెగాబైట్లలో పూర్తి వ్యవస్థను ఇమిడ్చి అందరిని ఆశ్చర్యపరచినది. పిదప చాలకాలము మూగవోయి 2024లో మరల వెలువడినది. ఈసారి దాని నిర్మాత తనకు తాను విధించుకొన్న హద్దు 700 మెగాబైట్లు, అనగా ఒక సీడీలో పట్టునంత. పునాదియు యాంటీఎక్స్‌దే. పొదుపునకు మారుపేరైన వ్యవస్థ పదునాలుగు రెట్లు పెరుగుటకు నిర్మాతల దుబారా కారణము కాదు. నేటి బ్రౌజరు లేనిదే కంప్యూటరు చాలమందికి అక్కరకు రాదు. ఆ బ్రౌజరు ఒక్కటియే పాత 50 మెగాబైట్ల సంచిలో పట్టదు.

అసలు చిక్కు ఇక్కడనే యున్నది. 2010 ప్రాంతమున సగటు వెబ్ పుట అర మెగాబైటు మాత్రమే. నేడు రెండు మెగాబైట్లను మించినది. పుట తెరచినంతనే అందులోని ప్రోగ్రాములు నడువసాగును. ప్రతి పుటయు ఒక చిన్న యంత్రమైనది. వ్యవస్థ ఆదాచేసిన ఒకటిన్నర గిగాబైట్లను నాలుగు పుటలు తెరచి బ్రౌజరు మ్రింగివేయును. వీడియో పాఠముల సంగతి ఇంకను కష్టము. యూట్యూబు వంటివి నేడు వీపీ9, ఏవీ1 అను రూపములలో వీడియోలను పంపుచున్నవి. వీటిని విప్పుటకు ప్రత్యేకమైన విభాగము 2009 నాటి ల్యాప్‌టాపులలో లేదు. భారమంతయు ప్రాసెసరు పైబడును. బొమ్మ ఆగి ఆగి నడచును, ఫ్యాను మాత్రము ఆగక మ్రోగును. హెచ్.264 అను పాతరూపమునే కోరునట్లు బ్రౌజరును అమర్చినచో కొంత ఊరట కలుగును. ఈ చిన్న అమరికను చేసి యిచ్చు దాతలు అరుదు. పాఠములను ముందుగా దించి, యంత్రమునందే నిలువయుంచి యిచ్చువారు అంతకంటె అరుదు.

తెలుగువానికి మరియొక పరీక్ష కలదు. తేలికతనము వదలుటవలన వచ్చును. మొట్టమొదట వదలబడునవి పరుల భాషలు. చిన్న లినక్స్ వ్యవస్థలలో సాధారణముగా కనబడు డెజావూ అక్షర సంపుటిలో గ్రీకు కలదు, సిరిలిక్ కలదు, తెలుగు లేదు. ఆ సంపుటి మాత్రమే యున్నచోట తెలుగు వార్తాపత్రిక తెరచినచో వరుసలు వరుసలుగా డబ్బాలే కనబడును. నిజమునకు లోహిత్ తెలుగు అక్షరములు కొద్ది వందల కిలోబైట్ల స్థలముకంటె ఎక్కువ కోరవు. దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షరములును డెబియన్ భాండారమున ఉన్నవి. ఒత్తులను గుణింతములను సరిగా పేర్చు హార్ఫ్‌బజ్ అను పనిముట్టు బ్రౌజరులలో ఇదివరకే యున్నది. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు ఒక చిన్న ఆజ్ఞతో అమరును. అనగా తెలుగును విడిచి వ్యవస్థ పొందిన లాభము దాదాపు శూన్యము. తెలుగు పిల్లవానికి కలిగిన నష్టము సంపూర్ణము. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పలుకరించు స్వేచ్ఛా వ్యవస్థను తయారుచేసి ఇది అసాధ్యము కాదని చూపినది. పాత యంత్రములను పంచువారు ఆ పని ఫలితములనైనను వాడుకొనకపోవుట వింతగానున్నది. చూపులేనివారి విషయము ఇంకను అన్యాయము. ఈస్పీక్ అను ప్రోగ్రాము తెలుగును చదివి వినిపింపగలదు. కాని ఐస్‌డబ్ల్యూఎం వంటి పొట్టి నిర్వాహకముల మెనూలు తెర చదువరికి తమ మాటలను అందింపవు. ఆ చోట యంత్రము వారికి మూగది.

ఇంతకును కెనాలిస్ చెప్పిన 24 కోట్ల యంత్రములలో పెక్కింటికి ఈ పొట్టి వ్యవస్థల అవసరమేమి? ఎనిమిదవ తరమునకు ముందువి యనగా 2015, 2016, 2017 నాటివి కూడ అందులో చేరును. వాటిలో నాలుగు, ఎనిమిది గిగాబైట్ల మెమొరీ సాధారణము. ప్రాసెసర్లు అన్నియు 64 బిట్లవి. డెబియన్‌నో, లినక్స్ మింట్‌నో, ఎక్స్‌ఎఫ్‌సీఈ ముఖముతో నిండుగా నడుపగల యంత్రములవి. ముద్రణయంత్రము కలియును, తెలుగు కనబడును, పిల్లలకు వేరు వేరు ఖాతాలుండును. బలిసిన ఎద్దునకు బక్కదూడ మేత వేసినట్లు వీటిలో పప్పీని పెట్టి, "చూడుడు, ఎంత వేగము!" అని మురియుట అవివేకము. తేలిక వ్యవస్థల ప్రచారకులు 2008 నాటి సమస్యకు వ్రాసిన మందుచీటిని 2025 నాటి రోగికి ఇచ్చుచున్నారు.

చేతులు మారుటకు ముందు జరుగవలసిన పని యొకటి తరచు మరువబడుచున్నది. ఫైలును తొలగించినంతమాత్రమున దాని సమాచారము చెరిగిపోదు. సూచికలో పేరు మాత్రము కొట్టివేయబడును. తిరుగు డిస్కుపై ఆ మొదటినుండి తుదివరకు మరల వ్రాసినచో పాతది పోవును. సాలిడ్ స్టేట్ డ్రైవు తన అరలను తానే మార్చుకొనుచుండును గనుక అట్లు వ్రాసినను కొన్ని అరలు మిగులవచ్చును. దానికి దానిలోనే యున్న చెరుపు ఆజ్ఞను ఈయవలెను. ఉబ్బిన లిథియం బ్యాటరీని వెంటనే తీసివేయవలెను. బ్యాటరీ లేకున్నను పెక్కు ల్యాప్‌టాపులు అడాప్టరుతో నడచును.

నిజముగా పొట్టి వ్యవస్థలే శరణమైనవి 32 బిట్ల యంత్రములు, 2008లో వచ్చిన ఆటమ్ ఎన్270 ప్రాసెసరు గల చిన్న నెట్‌బుక్కుల వంటివి. వాటిక్రింద నేల కుంగుచున్నది. ఉబుంటు 2017లో 32 బిట్ల డెస్కుటాపు ప్రతిని మానివేసినది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు 32 బిట్ల యంత్రములలో దించు ప్రతి లేదు. 32 బిట్ల లినక్స్‌పై ఫైర్‌ఫాక్స్‌ను 2026లో మానుదుమని మొజిల్లా 2025లోనే తెలిపినది. డెబియన్ 12కు దీర్ఘకాల పోషణ 2028 జూను వరకు కలదు. అటువంటి నెట్‌బుక్కును నేడు బాగుచేసి ఒక పాఠశాలకు ఇచ్చువాడు ఆ తేదీని దాని మూతపై అంటించి, ఇంటర్‌నెట్ లేకుండ టైపు నేర్చుటకును, లెక్కల పట్టికలకును, నిలువయుంచిన పుస్తకములు చదువుటకును మాత్రమే ఈయదగును.