బత్తాసుల అంగడీ, నీకు దండం!

ఆలూరు సంతదారిలో, ఆదోని బజారులో, ఎమ్మిగనూరు తేరువీధిలో ఎక్కడున్నా నువ్వు మా మిఠాయి అంగడివే. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాను వదిలి ఆంధ్ర రాష్ట్రంలో కలిశాయి. దానికి ముందూ తరువాతా, తెలుగులో అడిగినవాళ్లకూ కన్నడంలో అడిగినవాళ్లకూ ఒకే తూకం వేశావు తల్లీ!

నీ పొయ్యికి మొక్కుతాను. చక్కెర పాకంలో చిటికెడు సోడా పడగానే బుసబుసా పొంగుతుంది. ఆ పొంగు అణగకముందే గుడ్డమీద బొట్టుబొట్టుగా వదలాలి. తొందరపడితే పలచగా పారుతుంది, తడవైతే గిన్నెకే అంటుకుంటుంది. ఆరిన బత్తాసు లోపలంతా గుల్ల. నాలుకమీద పెట్టీపెట్టగానే మాయం. అంత తేలికైన దానికి ఎంత మంట, ఎంత ఓపిక!

నీ తక్కెడకు మొక్కుతాను. బుడ్డలు పెరికిన చేలల్లో పరిగె ఏరి, చొక్కా ఒడిలో పోసుకొచ్చిన పిల్లలకు బొరుగులిచ్చావు, కమ్మరకట్టు ఇచ్చావు. (ముల్లు కాస్త నీవైపే మొగ్గేదని మాకు తెలుసులే.)

పీర్ల చావిడిలో చదివింపుల చక్కెర నీది. పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి తేరు కాడ తెల్లగా పోసిన బత్తాసుల రాశి నీది. శ్రావణంలో ఉరుకుంద ఈరన్నను చూసొచ్చినవాళ్ల సంచిలో బొరుగులతో కలిసి ఇల్లు చేరేదీ నువ్వే. ఏ దేవుడూ నిన్ను పరాయిదానిగా చూడలేదు.

1952లో చిత్తూరులో న్యూట్రిన్ పుట్టింది. కాగితం చుట్టిన చాక్లెట్లు వస్తే నీ సీసాల్లో వాటికీ చోటిచ్చావు. నన్నడిగితే, నిన్ను కుంగదీసింది చిల్లర. 2011 జూన్ 30తో పావలా చెల్లుబాటు పోయింది. అంతకుముందు పిల్లలు నాణెమిచ్చి మిఠాయి కొనేవాళ్లు. ఆ తరువాత చిల్లర లేదంటూ మిఠాయినే నాణెంలా వాళ్ల చేతిలో పెట్టడం ఎక్కువైంది.

అద్దాల బీరువాలో పెట్టి నిన్ను బతికించలేం. సరుకు అమ్ముడుపోతేనే నీ పొయ్యి వెలిగేది.

చదివేవాళ్లారా, ఈసారి జాతరకు పోతే ఒక పొట్లం బత్తాసులు కట్టించుకోండి. అటకమీద చక్కెర బొమ్మల కొయ్య అచ్చులుంటే పొయ్యిలో పెట్టకండి. పాకం పట్టడం తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ అచ్చులు కడిగి, వాళ్ల చేత ఒక వాయి పోయించి, పక్కన కూర్చుని నేర్చుకోండి.