ఇంటిపాఠముల యంత్రము : ఒక బాలనవలా విమర్శనము

బాలురకొఱకు వ్రాయఁబడిన హాస్యగ్రంథములను మన విమర్శకులు సాధారణముగా నుపేక్షింతురు. వానియందు నీతి యుండిన నుపాధ్యాయులు మెచ్చుకొందురు. నవ్వు పుట్టినఁ బిల్లలు మెచ్చుకొందురు. అంతటితో విచారము ముగియును. ఇట్టి యుపేక్షకుఁ దగని గ్రంథమొకటి 1958వ సంవత్సరమున నమెరికాలో వెలువడిన 'డానీ డన్ అండ్ ది హోంవర్క్ మెషీన్' అను సచిత్రనవల. జే విలియమ్సు, రేమండ్ ఏబ్రాష్కిన్ అను నిరువురు దీనిని గలసి రచించిరి. 1956 మొదలు 1977 వఱకు వెలువడిన పదునైదు డానీ డన్ నవలలలో నిది మూఁడవది. ఏబ్రాష్కిన్ 1960లో మరణించెను. తరువాతి గ్రంథములందును విలియమ్సు తన మిత్రుని నామమును గర్తృస్థానమునుండి తొలఁగింపలేదు.

డానీ బడికిఁ బోవు బాలుఁడు. యంత్రములన్నను నూతనోపాయములన్నను వానికిఁ బ్రాణము. వాని తల్లి యూక్లిడ్ బుల్‌ఫించ్ అను నాచార్యుని యింట గృహనిర్వాహకురాలు. ఆచార్యుఁడు తాను నిర్మించిన 'మినియాక్' అను గణనయంత్రమును డానీ సంరక్షణమున నుంచి వాషింగ్టన్ నగరమునకుఁ బోవును. గణనయంత్రము గదినంతటిని నాక్రమించు కాలమది. మినియాక్ చిన్నదగుటయే నాఁటి పాఠకునకు వింత. డానీ, వాని మిత్రుఁడు జో, పొరుగింటికిఁ గ్రొత్తగా వచ్చిన ఐరీన్, ఈ మువ్వురును యంత్రముచేతఁ దమ యింటిపాఠములను జేయించుకొందురు. 'స్నిచర్' అని పిల్లలు పిలుచు సహపాఠి యీ రహస్యము నుపాధ్యాయిని మిస్ ఆర్నాల్డునకుఁ దెలుపును.

ఇందలి హాస్యము మాటల చమత్కారముపై నాధారపడినది కాదు. క్షేత్రగణితకర్త పేరును ఒక పిట్ట పేరును గలిపి యాచార్యునకుఁ బెట్టుట వంటి పరిహాసములు స్వల్పములు. అసలు హాస్యము కథానిర్మాణమునందే కలదు. గ్రంథారంభముననే డానీ, యొక కలముతో వ్రాయుచుండఁగా రెండవ కలము దానిననుసరించి వ్రాయునట్లొక సాధనమును గల్పించి, తన పాఠమును జో పాఠమును ఏకకాలమున ముగింపఁజూచును. శ్రమ తప్పించుకొనుటకు వాఁడు పడు శ్రమ పాఠమునకు వలసిన దానికంటె నధికము. ఈ వైపరీత్యమే కథకంతటికిని బీజము. మినియాక్ తనంత నేమియు నెఱుఁగదు. దానికి విషయమును సమకూర్పవలయును; ప్రశ్నను దానికి బోధపడు క్రమమున నమర్పవలయును. అందులకై పిల్లలు పాఠమును ముందుగాఁ జదివి, విడదీసి, సారము గ్రహింపవలసివచ్చును. మన పరమానందయ్య శిష్యులు గురువాక్యమును అక్షరార్థముననే పట్టుకొని చేటు తెత్తురు. మినియాక్ కూడ నట్టి శిష్యుఁడే. అయితే మన కథలో నవ్వు శిష్యులమీఁదిది. ఈ నవలలోని నవ్వు అట్టి శిష్యునకుఁ బాఠము చెప్పఁబూనిన గురువులమీఁదిది. ఆ గురువులో, బడిపిల్లలు.

పండితులు లెక్కలకు యంత్రమును వాడుకొనుచుండఁగా బాలురేల వాడుకొనరాదని డానీ వాదించును. గ్రంథకర్తలు దీనికిఁ జౌకసమాధానము చెప్పింపకపోవుట ప్రశంసనీయము. ఉపాధ్యాయిని దండింపదు, యంత్రమును నిషేధింపదు. ఆ మువ్వురకు మాత్రము మఱింత కఠినమైన పాఠముల నొసఁగును. యంత్రమునకుఁ బెట్టవలసిన మేఁత పెరిగినకొలఁది పిల్లల చదువును బెరుగును. దీనిని సోమరితనమును గర్హించు నీతికథగాఁ జదువువారు కలరు. ఆ పఠనము సరికాదు. ఈ మువ్వురిలో సోమరి యొక్కఁడును లేఁడు. తాను చదువుచున్నానని డానీ యెఱుఁగఁడు, ఉపాధ్యాయిని యెఱుఁగును, భేదమంతయు నంతే. బాలునకుఁ దెలియకుండ వానిచేఁ జదివించుట యుచితమా యను ప్రశ్నను గ్రంథకర్తలు స్పృశింపక విడిచిరి. పాఠశాలాపండితులు విడువరానిదది.

ఐరీన్‌ పాత్ర గమనింపఁదగినది. విజ్ఞానశాస్త్రమునం దాసక్తిగల బాలికను, బాలురకు సమానురాలిగా 1958 నాఁటి హాస్యనవలలోఁ బ్రవేశపెట్టుట సామాన్యము కాదు. ఎప్పుడును గీడునే శంకించు జో యీ మువ్వురిలో నవ్వు పుట్టించువాఁడు. స్నిచర్ మాత్రము కథకు వలసినంత దుష్టుఁడు, అంతకుమించి యేమియుఁ గాఁడు.

చిత్రములు ఎజ్రా జాక్ కీట్స్ రచించినవి. ఇతఁడు తరువాత 1962లో 'ది స్నోయీ డే' అను గ్రంథమును వెలువరించి, దానికి 1963లో కాల్డికాట్ పతకమును బడసి ప్రఖ్యాతుఁడయ్యెను. ఆ గ్రంథమునందలి రంగురంగుల కాగితముల కూర్పు ఈ నవలలో లేదు. ఇవి కథ వెంట నడచు రేఖాచిత్రములు. యంత్రమును జిత్రింపవచ్చును, పిల్లల ముఖములను జిత్రింపవచ్చును. బాలుఁడు తనకుఁ దెలియకయే నేర్చుకొనుటను జిత్రించుట దుష్కరము. కావున నీ గ్రంథమున హాస్యభారమంతయు మాటలమీఁదనే పడినది.

నవల చివరిభాగము మొదటిదానికి దీటు రాదు. స్నిచర్ యంత్రమును రహస్యముగాఁ జెఱుచును. ఆచార్యుఁడు ప్రభుత్వోద్యోగులను వెంటఁబెట్టుకొని తిరిగివచ్చును. వారి యెదుట యంత్రము తప్పుచేయును. అంతవఱకు విద్యను గూర్చి నడచిన కథ యిచ్చట దోషిని బట్టు కథగా మాఱిపోవును, ఆర్నాల్డు వెనుకకుఁ దొలఁగును. కథాసంవిధానదృష్టిచే నిది లోపమే. అయినను నొక విశేషమున్నది. యంత్రమునందలి చెఱుపును ఊహించి కనిపెట్టువాఁడు డానీ. యంత్రముతో దినదినమును మెలఁగి దాని నడక నెఱిఁగినవాఁడు గనుకనే, నడక తప్పినప్పుడు వాఁడు గుర్తింపఁగలిగెను. ఉపాధ్యాయిని పెట్టఁదలఁపని పరీక్షలో వాఁడు కృతార్థుఁడయ్యెనన్నమాట.

ఈ ఘట్టమే నేఁటి పండితులకు ముఖ్యము. 2022 నవంబరులో చాట్‌జీపీటీ యను యంత్రము జనసామాన్యమునకు లభించినది మొదలు, పాఠమును జదువకయే వ్యాసము వ్రాయించుకొనుట బాలురకు సుకరమైనది. మినియాక్‌నకు మేఁత పెట్టవలసిన శ్రమ దీనికి లేదు. నవల యే యాధారముపై నిలిచినదో యా యాధారము సడలినది. ఆర్నాల్డు వలె బరువైన పాఠము నిచ్చినంతమాత్రమున నేఁటి విద్యార్థి చదువఁడు. దానినిగూడ యంత్రమునకే యప్పగించును. అందుచే నామె యుపాయమును నేఁడు యథాతథముగా నవలంబింపఁజూచు నుపాధ్యాయుఁడు వంచితుఁడగును. నవలలో నిలుచునది యామె యుపాయము కాదు, డానీ చేసిన దోషనిరూపణము. యంత్రము వ్రాసిన వ్యాసమును విద్యార్థి చేతికిచ్చి, అందలి తప్పును జూపుమని యడుగు పండితుఁడు ఈ నవలలోని చివరి ఘట్టమును దరగతిలో నాడించినవాఁడగును. అప్పుడు మూలపాఠమును జదువక విద్యార్థికి గత్యంతరము లేదు.

దీనిని దెలుఁగునకుఁ దెచ్చువారికి యంత్రభాగముల పేరులు చిక్కు కావు. స్నిచర్‌ను కొండెగాఁడనినఁ జాలును. 'హోంవర్క్' అను మాటయే చిక్కు. ఇంటిపని యనినఁ జీపురు, అంట్లు స్మరణకు వచ్చును. ఇంటిపాఠమనినఁ గథలోని పనియను చమత్కారము జాఱిపోవును. బడిపిల్లలు హోంవర్కనియే వాడుకొనుచున్నారు గనుక, ఆ మాట నట్లే యుంచుట మేలు.