కుడిచేతి చదువు

గిటారు కొత్తగా చేపట్టినవారి ధ్యాసంతా ఎడమచేతి మీదే ఉంటుంది. ఏ వేలు ఏ మెట్టు మీద నొక్కాలి, సి కార్డు నుంచి జి కార్డుకు ఎలా మారాలి, ఎఫ్ కార్డు ఎందుకు పలకదు, వేలికొసల మంట ఎన్నాళ్లకు తగ్గుతుంది అని అడుగుతూ ఉంటారు. నేర్పే పద్ధతి కూడా చాలాచోట్ల ఇందుకు తగ్గట్టే ఉంటుంది. నాలుగు కార్డులు, ఒక స్ట్రమ్మింగు, ఒక సినిమా పాట. కానీ తంతిని మోగించేది కుడిచెయ్యి. నాదం గట్టిదా మెత్తనిదా, లయ నిలిచిందా జారిందా, పాటలో ఏ స్వరం ముందుకు వినపడాలి అన్నవి తేలేది అక్కడే. ఈ సంగతిని పునాదిగా చేసుకున్న బోధనా సంప్రదాయం ఒకటి యూరప్‌లో రెండు వందల ఏళ్ల కిందటే స్థిరపడింది. కొత్తగా నేర్చుకునేవారికి ఇప్పటికీ అంతకన్నా దగ్గరి దారి లేదని నా నమ్మకం.

దక్షిణ ఇటలీలో 1781లో పుట్టిన మౌరో జూలియానీ 1806లో వియన్నా చేరి, అక్కడ గిటారు విద్వాంసుడిగా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. తన మొదటి ఓపస్‌గా 1812లో వెలువరించిన అభ్యాస గ్రంథం మొదటి భాగంలో 120 పాఠాలున్నాయి. అన్నీ కుడిచేతివే. ఎడమచేతికి అప్పగించిన పని మొదటి పాఠం నుంచి నూట ఇరవయ్యో పాఠం దాకా మారదు. సి మేజర్, జి సెవెన్త్ అనే రెండు కార్డులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, అంతే. కుడిచేతికి మాత్రం ప్రతి పాఠమూ కొత్తదే. బొటనవేలు కింది శ్రుతి తంతులను చూసుకుంటుంది. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు హెచ్చు శ్రుతి తంతులను మీటుతాయి. ఈ నాలుగు వేళ్లూ ఏ వరసలో కదలాలి, ఎప్పుడు రెండు కలిసి పడాలి, బీటుకు మూడు స్వరాలా నాలుగా అనే తేడాలతో 120 రకాల అల్లికలు పుట్టాయి. రెండు కార్డులకు అలవాటుపడిన ఎడమచెయ్యి కొద్దిరోజుల్లోనే తన పని తాను చేసుకుపోతుంది. అప్పుడు మనసు మొత్తం కుడిచేతికి, చెవికి మిగులుతుంది.

ఈ సూత్రం తెలుగువారికి పరాయిదేమీ కాదు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అన్నీ మాయామాళవగౌళ రాగంలోనే సాధకం చేస్తారు. అలంకారాల్లో ఏడు తాళాలు మారతాయి గాని రాగం మారదు. ఒకదాన్ని కదలనివ్వకుండా ఉంచి రెండోదాన్ని రకరకాలుగా తిప్పడం అక్కడా ఇక్కడా ఒకటే. వీణ నేర్చుకున్నవారికి గిటారులో ఇంకో సంగతి కూడా పరిచయంగానే తోస్తుంది. మీటులో చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి పడాలన్న నియమాన్ని క్లాసికల్ గిటారు కూడా అంతే పట్టుదలతో పాటిస్తుంది. ఒకే వేలితో వరసగా మీటితే మెల్లని నడకలో లోపం తెలియదు. వేగం పెరిగితే చెయ్యి బిగుసుకుంటుంది.

ఎడమచేతి కష్టం నిజమే, కాని అందులో సగం తెలియనితనం వల్ల వచ్చేది. మెట్టుకు దూరంగా నొక్కితే తంతి బరబరమంటుంది. దాన్ని అణచడానికి ఇంకా గట్టిగా నొక్కుతారు. 65 సెంటీమీటర్ల తంతి ఉన్న గిటారులో మొదటి మెట్టు గది వెడల్పు దాదాపు మూడున్నర సెంటీమీటర్లు. ఆ గదిలో వేలు మెట్టును ఆనుకుని, దాని వెనకే ఉంటే చాలా తక్కువ బలంతోనే స్వరం స్పష్టంగా పలుకుతుంది. కొత్తవారు స్టీలు తంతులకు బదులు నైలాన్ తంతుల గిటారు తీసుకుంటే మంట ఇంకా తగ్గుతుంది. వేలికొస గట్టిపడటం రోజుల మీద దానంతటదే జరిగే పని. కుడిచేతి మీటు మాత్రం దానంతటదే బాగుపడదు. తంతిని మీటిన వేలు పక్క తంతి మీద ఆనితే నాదం నిండుగా వస్తుంది, ఆనకుండా అరచేతి వైపు సాగిపోతే తేలికగా వస్తుంది. బ్రిడ్జి దగ్గర మీటితే పదునుగా, సౌండ్‌హోల్ మీద మీటితే గుండ్రంగా పలుకుతుంది. ఈ తేడాలను ఏరుకోవాల్సింది చెవి. పాట మొత్తం గడగడా సాగిపోతున్నప్పుడు చెవికి ఆ తీరిక దొరకదు.

ఇందులో ఒకే సరైన పద్ధతి ఉందని ఈ సంప్రదాయం ఎన్నడూ చెప్పలేదు. బార్సిలోనాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఫెర్నాండో సోర్ గోరు తగలకుండా వేలి కండతోనే మీటేవాడు. ఉంగరంవేలిని చాలా తక్కువగా వాడేవాడు. ఆయన మిత్రుడు డయోనిసియో అగ్వాడో గోళ్లతో మీటేవాడు. తామిద్దరూ కలిసి వాయించడానికి సోర్ ఒక యుగళ రచన చేసి దానికి ‘ఇద్దరు మిత్రులు’ అని పేరు పెట్టాడు. గోరా, కండా అన్న వాదం గిటారు విద్యార్థుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. నా మటుకు మొదటి ఏడాది ఆ వాదంలోకి దిగనక్కర్లేదు. గోరు కొద్దిగా ఉన్నా, లేకున్నా నాదం ఒకే తీరుగా వస్తోందా లేదా అన్నది చూసుకుంటే చాలు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం విసుగు. పాట వాయించాలన్న కోరికతో గిటారు కొన్నవారి ముందు 120 పాఠాలు పెడితే పారిపోరా? పారిపోతారు, అన్నీ వరసగా చేయమంటే. కానీ అంత అవసరం లేదు. మొదటి పది, పన్నెండు పాఠాలను మెల్లగా, మెట్రోనోమ్‌తో, నాదం శుభ్రంగా వచ్చేదాకా చేస్తే పాటకు కావలసిన వేళ్ల అల్లిక చేతికి వస్తుంది. సినిమా పాటకు ఇది అడ్డు కాదు. ఇళయరాజా మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు, సంగీత దర్శకుడు కాకముందు రికార్డింగుల్లో గిటారు వాయించారు. ఆయన పాటల్లో గిటారు తరచు కార్డును ఒక్క దెబ్బలో కొట్టదు, స్వరం స్వరంగా విప్పుతుంది. అలాంటి పాటను స్ట్రమ్మింగుతో లాగిస్తే పాట గుర్తుపట్టేలా ఉంటుంది గాని దాని అందం చాలావరకు పోతుంది.

రెండో అభ్యంతరం బరువైనది. ఏ పాఠాలూ లేకుండా మహా వాద్యకారులైనవాళ్లున్నారు కదా అంటారు. జాంగో రైన్‌హార్ట్ స్వరలిపి చదవలేదు. 1928లో బండికి నిప్పంటుకుని ఎడమచేతి చివరి రెండు వేళ్లు దాదాపు పనికిరాకుండా పోయాయి. వెస్ మాంట్‌గోమరీ సొంతంగా నేర్చుకుని, పిక్ లేకుండా బొటనవేలితో మీటి జాజ్‌లో తనదైన నాదం సంపాదించాడు. ఈ ఇద్దరినీ పాఠాలకు వ్యతిరేక సాక్షులుగా నిలబెట్టడం నాకు సరిగా తోచదు. సోలోల్లో ప్రధానంగా రెండే ఎడమ వేళ్లతో నడిచిన జాంగో సంగీతం ఎక్కడా చిన్నబోలేదు, కుడిచేతి పట్టు అంత బలమైనది గనుక. మాంట్‌గోమరీని ఒక్క స్వరంతో గుర్తుపట్టించేది ఆ బొటనవేలి మీటే. దారి వేరైనా వాళ్లు చేరినచోటు జూలియానీ విద్యార్థిని చేర్చాలనుకున్నచోటే.

ఏ తంతిని ఏ మెట్టు మీద నొక్కాలో అంకెలతో చూపే ట్యాబ్ చూసి నేర్చుకోవడాన్ని కొందరు అడ్డదారిగా చూస్తారు. అది చరిత్ర తెలియని మాట. లూయిస్ మిలాన్ 1536లో వాలెన్సియాలో విహువేలా వాద్యం కోసం తెచ్చిన ‘ఎల్ మాయిస్ట్రో’ మొత్తం ట్యాబ్ లిపిలోనే ఉంది. అదీ కొత్తవారికి తేలిక నుంచి కష్టానికి నడిపే పుస్తకమే. ట్యాబ్ వేలు ఎక్కడ పెట్టాలో బాగా చెబుతుంది. బాస్ స్వరం మోగుతూ ఉండగా పైన రాగం కదిలేచోట ఏది ఎంతసేపు నిలవాలో చూపించడంలోనే తడబడుతుంది. అక్కడికి వచ్చేసరికి స్వరలిపి కావాలి. దాన్ని భయం లేకుండా అందుకోవడానికి సోర్ ఓపస్ 60లోని 25 పాఠాలున్నాయి. మొదటిది ఒక్కొక్క స్వరంగా నడిచే చిన్న రాగం. పోనుపోను రెండో స్వరధార వచ్చి చేరుతుంది. గిటారు విద్వాంసుడు ఆండ్రెస్ సెగోవియా 1945లో సోర్ అభ్యాసాల్లోంచి ఏరి కూర్చిన ఇరవై రచనల పేరు విని చాలామంది నేరుగా వాటికి వెళతారు. అవి తర్వాతి మెట్టు. జూలియానీ పాఠాలు పన్నెండు, ఓపస్ 60లో మొదటి సగం చేతికి వచ్చాక వాటిని తెరిస్తే, ప్రతి పేజీలోనూ కుడిచేతికి ఇదివరకే తెలిసిన అల్లిక ఏదో ఒకటి ఎదురవుతుంది.