గుమ్మటం కింద రెండు మెలికలు

షికాగోకి నైరుతిగా, ఐ-55 హైవే మీద బోలింగ్‌బ్రూక్ అనే ఊరుంది. ఆ పక్కనే నేపర్‌విల్, అరోరా. మన తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ చోటు అది. అరోరా బాలాజీ గుడికి వెళ్ళొచ్చేవాళ్ళు ఎన్నోసార్లు ఆ దారినే పోతుంటారు. ఆ ఊళ్ళో ఒక రోడ్డు పేరు ఓల్డ్ షికాగో డ్రైవ్. ఇప్పుడక్కడ కనిపించేది వాడిన కార్లను వేలం వేసే పెద్ద యార్డు. 1975లో మాత్రం అక్కడ ఓ భారీ గుమ్మటం లేచింది. గుమ్మటం కింద రైడ్లతో నిండిన పార్కు, పార్కు చుట్టూ పాతకాలం షికాగో వీధుల తీరులో అలంకరించిన దుకాణాలు. ఆ పార్కు పేరే రోడ్డుకి మిగిలింది.

ఆలోచన చక్కటిది. షికాగో జనం ప్రాణంగా చూసుకున్న రివర్‌వ్యూ పార్కు 1967లో మూతపడింది. ఆ లోటు అలాగే ఉండిపోయింది. పైగా అక్కడ చలికాలం నెలల తరబడి మంచు, ఆరుబయట రైడ్లు తిరగవు. అన్నిటికీ కలిపి ఒక కప్పు వేసేస్తే ఏడాది పొడుగునా జనం వస్తారు కదా అనుకున్నాడు రాబర్ట్ బ్రిండిల్ అనే డెవలపర్. జనం వచ్చారు కూడా. కానీ పనులు పూర్తిగా తెమలకముందే తలుపులు తీశారు. జనాన్ని రప్పించే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు ఒక్కటీ బజారులో లేదు. మరుసటి ఏడాదే గర్నీలో గ్రేట్ అమెరికా పార్కు మొదలైంది. 1980లో ఓల్డ్ షికాగో మూసేశారు, 1986లో గుమ్మటాన్ని పడగొట్టేశారు. లోపల ఎలా ఉండేదో చూడాలంటే బ్రయాన్ డి పాల్మా 1978లో తీసిన ‘ద ఫ్యూరీ’ సినిమా ఉంది. అందులో ఒక ఘట్టం అక్కడే తీశారు.

పార్కు అయిదేళ్ళకే పోయినా, దాని నడిమధ్య నిలబెట్టిన రోలర్ కోస్టర్ పోలేదు. దాని పేరు షికాగో లూప్. నగరం నడిబొడ్డున వంతెనల మీద తిరిగే రైళ్ళు ఒక చుట్టు చుట్టి వెళ్తాయి. ఆ చుట్టు లోపలి ప్రాంతాన్ని అక్కడివాళ్ళు లూప్ అంటారు. తలకిందులుగా తిప్పే రైడుకి అంతకన్నా తగిన పేరు దొరకదు.

నేను దాన్ని ఎక్కింది షికాగోలో కాదు, న్యూ హాంప్‌షైర్‌లో. మసాచుసెట్స్ సరిహద్దు దాటగానే సేలం అనే ఊళ్ళో కెనోబీ లేక్ పార్కు ఉంది. తొంభైల చివర్లో మా అక్క కొడుకు చెయ్యిపట్టి లాక్కెళితే ఎక్కాను. అప్పటికి దాని పేరు కెనోబీ కార్క్‌స్క్రూ. దిగాక ఆ రైడు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసింది. అప్పుడు మళ్ళీ వెళ్ళి కంచె పక్కన చాలాసేపు నిలబడ్డాను. చూసినకొద్దీ గౌరవం పెరిగింది.

ముందు చక్రాలు చూడాలి. రైలు పెట్టె చక్రం పట్టా మీద కూర్చుంటుందంతే, పెట్టెను తిరగేస్తే ఊడి పడుతుంది. ఇక్కడ పట్టాకి బదులు గుండ్రటి ఉక్కు గొట్టం. పెట్టె ప్రతి మూలా ఓ చక్రాల గుత్తి ఉంటుంది. ఒక చక్రం గొట్టం పైన దొర్లుతుంది, ఒకటి పక్కనుంచి ఆనుకుంటుంది, మరొకటి అడుగునుంచి పట్టుకుంటుంది. మనం మూడు వేళ్ళతో కర్రని బిగించినట్టు ఉంటుంది ఆ పట్టు. పెట్టె ఎటు ఒరిగినా, బోర్లా పడినా ఏదో ఒక చక్రం బరువు మోస్తూనే ఉంటుంది. ఆ మూడూ ఒక్క గొట్టాన్ని నమ్ముకుని ఉండడం దగ్గరగా చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

గొట్టమే ఎందుకు? చదును పట్టాని ఒక దిక్కుకి వంచడం తేలిక, ఇంకో దిక్కుకి మొరాయిస్తుంది. గొట్టానికి అన్ని దిక్కులా ఒకే బలం, ఎటు వంచినా ఒకే తీరుగా లొంగుతుంది. కాలిఫోర్నియాలోని ఆరో డెవలప్‌మెంట్ కంపెనీ 1959లో డిస్నీలాండ్‌లో మాటర్‌హార్న్ రైడుకి మొదటిసారి ఉక్కు గొట్టపు ట్రాక్ వేసింది. పదహారేళ్ళ తర్వాత అదే గొట్టాన్ని పక్కకీ పైకీ ఒకేసారి వంచి, సీసా బిరడా లాగే మెలికల చువ్వలా తిప్పి నిలబెట్టింది. అదే కార్క్‌స్క్రూ. మొదటిది 1975లో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్‌లో మొదలైంది. ఓల్డ్ షికాగోలోది దాని తోబుట్టువు.

మనిషిని తలకిందులు చెయ్యాలన్న కోరిక కొత్తది కాదు. 1895లోనే కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే రైడు కట్టారు. దాని చుట్టు సున్నాలా గుండ్రంగా ఉండేది. పెట్టె నిటారుగా పైకెక్కాలంటే గట్టి వేగం కావాలి. ఆ వేగంతో ఒక్కసారిగా వంపులోకి దూరేసరికి మెడలు పట్టేసేవి. నీళ్ళ చెంబుని తాడు కట్టి గిరగిరా తిప్పితే చుక్క ఒలకదు. చిన్నప్పుడు అందరం చేసిన పనే, మృత్యుబావిలో మోటారు సైకిలు గోడకి అతుక్కుని తిరిగేదీ ఆ సూత్రం మీదే. సూత్రం తెలిస్తే సరిపోదు, అది మెడ విరగకుండా జరగాలి. కార్క్‌స్క్రూలో సున్నాని పట్టుకుని స్ప్రింగులా సాగదీశారు. పెట్టె నిటారుగా ఎక్కదు, ముందుకి పోతూ పోతూ పక్కకి పొర్లుతుంది. వంపు మెల్లగా అందుకుంటుంది కాబట్టి ఒంటి మీద పడే ఒత్తిడీ తగ్గుతుంది. నా దృష్టిలో ఈ రైడులోని గొప్పతనమంతా ఆ సాగదీతలో ఉంది.

దీని రూపకర్త రాన్ టూమర్ మెకానికల్ ఇంజనీరు. ఆరోకి రాకముందు అపోలో అంతరిక్ష నౌకల వేడి కవచం పనిలో ఉన్నవాడు. ఇలాంటి రైడ్లు ఎక్కితే తనకి కడుపులో తిప్పుతుందని ఆయనే చెప్పేవాడు. ఆ మాట చదివాక ఆ మెలికల మీద నాకు ఇంకా ఇష్టం పెరిగింది. ఎక్కినవాడి ఒంటికి ఏమవుతుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

లోపం లేదనను. మలుపులోంచి మెలికలోకి మారే చోట పెట్టె ఒక్కసారి జర్కు ఇస్తుంది, భుజాల మీద దిగే మెత్తటి కడ్డీకి చెవులు కొట్టుకుంటాయి. ఇప్పటిలా ప్రతి అంగుళాన్నీ కంప్యూటర్లో లెక్కగట్టి వంచే కాలం కాదది. ఆ కుదుపులో కూడా నాకు కొలిమి దగ్గర మనిషి చెయ్యే కనిపించింది.

మొత్తం ట్రాక్ 1,250 అడుగులు. గొలుసు మనల్ని 70 అడుగుల పైకి లాగుతుంది. ఎక్కుతున్నంతసేపూ కింద టకటకమని చప్పుడు. పళ్ళ పట్టీ మీద ఒక ఉక్కు నాలుక పన్ను తర్వాత పన్నుగా పడుతుంటుంది. గొలుసు తెగినా పెట్టె వెనక్కి జారకుండా ఆపేది అదే. ఆ టకటకే ఎక్కినవాడి గుండె దడ పెంచుతుంది గానీ, నిజానికి అది ధైర్యం చెప్పే చప్పుడు. పైన ఒక మలుపు, ఒక పల్లం, ఇంకో మలుపు, ఆ వెంటనే రెండు మెలికలు. అంతా ఒకటిన్నర నిమిషం లోపే.

ఓల్డ్ షికాగో మూతపడ్డాక ఈ ఉక్కునంతా ఊడదీసి అలబామా తీసుకెళ్ళారు. అక్కడ సంత మైదానంలో కొన్నేళ్ళు తిరిగింది. 1987లో మళ్ళీ విప్పి సేలం తెచ్చి బిగించారు. గొట్టం ముక్కలు ఎక్కడికక్కడ అదే వంపులో అతకాలి, ఒక్క ముక్క అటూ ఇటూ అయినా చక్రాలు ఒప్పుకోవు. రెండుసార్లు విప్పి మూడుసార్లు కట్టిన ఆ ట్రాక్ మీద రైలు 2021 దాకా పరుగెత్తింది. దాని మీద పనిచేసిన మెకానిక్కుల పేర్లు ఎక్కడా రాసి లేవు.

రెండో మెలికలో తలకిందులైన క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. కాళ్ళకి ఎదురుగా ఖాళీ నీలం ఆకాశం, తల కింద చెట్ల పచ్చదనం. బోలింగ్‌బ్రూక్‌లో అదే సీట్లో కూర్చున్నవాళ్ళకి ఆ క్షణంలో కాళ్ళకి ఎదురుగా గుమ్మటం కప్పు, తల కింద దుకాణాల దీపాలు కనిపించి ఉంటాయి.